అమ్మకానికి పెద్దమనిషి

ప్రకటన రాసింది నేనే. మా ఆయన రాసిచ్చిన చిత్తుప్రతిని ఉన్నదున్నట్టు అచ్చువేస్తే ఆ రోజు పేపర్లో మరో వార్తకు చోటుండేది కాదు. ఏ రబ్బరు ముక్క కోసం ఎన్ని పాత సామాన్ల దుకాణాలు తిరిగారో, వెనక తొట్టికి వేసిన చెక్క పలకలు ఏ కూలిన ఇంటి తలుపుల్లోంచి కోయించారో, డోరు వేసినప్పుడు డబ్బా చప్పుడు కాకుండా బరువైన చప్పుడు రావడానికి ఏమేం చేశారో, అన్నీ ఉన్నాయి అందులో. బండి అమ్ముతున్నాం అన్న ముక్క ఒక్కటే లేదు. నేను దాన్ని కోసి, కుదించి, "పాత కాలపు పికప్ ట్రక్కు, పూర్తిగా బాగుచేసినది, అమ్మబడును" అని తేల్చాను. ఆయన నా భుజం మీదుగా చూసి, "నడిచే స్థితిలో ఉన్నది, అని కూడా వెయ్యి" అన్నారు. వేశాను.

బండికి మా ఇంట్లో పేరు పెద్దమనిషి. మొదట్లో ముసలమ్మ అనేవాళ్లం. ఒకరోజు మా ఆయన షెడ్డులోంచి వస్తూ, "ముసలమ్మ ఇవాళ మరీ దగ్గుతోంది, పొగ కూడా వదులుతోంది" అంటుంటే వరండాలో కూర్చున్న మా అత్తగారు కళ్లజోడు సవరించుకుని, "ఎవరు నాయనా?" అని అడిగారు. ఆ సాయంత్రమే పేరు మార్చాం.

మా ఆయన పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సు మూతపడినప్పుడు దాని వెనక గడ్డిలో కూరుకుపోయి కనిపించిందీ బండి. చక్రాల మీది రెక్కలకు తుప్పు, సీట్లో ఎలుకల కాపురం. "తీసుకుపో, నాకు చోటు కలిసొస్తుంది" అన్నాడట యజమాని. అప్పట్నుంచి నాలుగేళ్లు, ఊళ్లోవాళ్ల మిక్సీలూ మోటార్లూ బాగుచేసి ఇల్లు నడుపుతూ, మిగిలిన ప్రతి పూటా ఆయన ఆ షెడ్డులోనే గడిపారు. ఇప్పుడది చూడాలి. ముదురాకుపచ్చ రంగు, గుండ్రటి హెడ్‌లైట్లు, ముందు రెండు రెక్కలూ ఉబ్బించి నిలబడితే పెళ్లికి తయారైన పెద్దమనిషే.

మా వీధి చివర ఇంతకంటే పెద్ద షెడ్డు ఒకటి ఖాళీగా ఉంది. ఈ బండి నడిచే బండిగా అమ్ముడైతే ఆ షెడ్డు తీసుకుని, పాత బండ్లను బాగుచేయడమే వృత్తిగా పెట్టుకోవాలని ఆయన కోరిక. అమ్ముడు కాకపోతే గోడౌన్‌లో చేరాలి. వచ్చే అట్టపెట్టెలూ పోయే అట్టపెట్టెలూ చూసుకునే ఉద్యోగం. గోడౌన్ యజమాని మా అత్తగారి పాత విద్యార్థి. ఆవిడ మాట మీద ఈ నెలాఖరు దాకా ఆ కుర్చీ ఖాళీగా అట్టేపెట్టాడు. "ఉద్యోగం మంచిదే" అని మా ఆయన అందరితోనూ అంటున్నారు. దేన్నయినా మంచిదే మంచిదే అని ఆయన పదిసార్లు అన్నారంటే అది ఆయనకు గొంతు దిగడం లేదని అర్థం. పెళ్లయిన కొత్తలో నా వంటకు కూడా అదే కితాబు ఇచ్చేవారు.

బండి పని ఆయన ఒక్కరి వల్ల కాలేదు. రంగు వేసింది మా ఆడపడుచు భర్త. బండ్లకు రంగులు వేయడమే ఆయన పని. నేను అన్నయ్యగారూ అంటాను, మా ఆయన బావా అంటారు, ఊరంతా పెయింటరు అంటారు. ఇక మా అత్తగారు. ఆవిడ లెక్కల టీచరుగా రిటైరయ్యారు. మా ఆయనకు ఒక జబ్బుంది: నట్టు బిగించాక, బిగించానా లేదా అని మళ్లీ అనుమానం. మళ్లీ బిగిస్తారు. ఒకసారి అలా బిగించీ బిగించీ బోల్టు విరిచేశారు. అప్పుడు అత్తగారు స్టూలు తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. ఆయన "అయిందమ్మా" అనగానే సన్న కుంచెతో నట్టు మీంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక ఎర్రగీత గీస్తారు. నట్టు రవ్వంత వదులైనా గీత రెండు ముక్కలై కనిపిస్తుంది. గీత ఉన్న నట్టు పాసైనట్టు. దాన్ని ఆయన మళ్లీ ముట్టుకోరు. "అమ్మ చూసింది" అంటారు. ముప్ఫై ఏళ్లు ఎర్రసిరాతో జనాన్ని వణికించిన చెయ్యి కదా అది, కాదనేదెవరు?

నా వంతు పని టీ పెట్టడం, అడగని సలహాలు ఇవ్వడం.

మొదట వచ్చినవాడు రిటైరైన సర్వేయరు. సొంత టార్చిలైటు తెచ్చుకున్నాడు. ఆయన వస్తున్నాడని పెయింటరన్నయ్య పొద్దున్నే వచ్చి, బానెట్ ఎత్తి, లోపల ఇంజనుతో సహా గుడ్డ పెట్టి అద్దంలా తుడిచాడు. సర్వేయరు కిందికి వంగి, పైకి లేచి, తలాడించి, "ఏదీ, స్టార్ట్ చెయ్యండి" అన్నాడు. మా ఆయన హెడ్‌లైట్లు వేసి చూపించారు, వెలిగాయి. హారన్ కొట్టారు, మోగింది. తాళం తిప్పారు.

టక్.

అంతే. మళ్లీ తిప్పారు. టక్. మా ఇంట్లో లైటు స్విచ్చి కూడా అంతకంటే గట్టిగా చప్పుడు చేస్తుంది.

"నడిచే స్థితి అని వేశారే పేపర్లో," అన్నాడు సర్వేయరు.

"పొద్దున కూడా నడిచిందండీ. ఇదే వీధిలో ఒక రౌండు వేసొచ్చాను."

"అందరూ అదే చెబుతారు," అని టార్చిలైటు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆయన మలుపు తిరిగాక మా ఆయన బానెట్ ఎత్తి, బ్యాటరీ వైర్లు అటూఇటూ కదిపి, మళ్లీ తాళం తిప్పారు. పాలు తాగిన పిల్లిలా గుర్రుమంటూ స్టార్టయింది. వారం రోజులపాటు రోజూ పొద్దున్నే స్టార్టయింది. అయినా ఆయన సెల్ఫ్ మోటారు విప్పి, కడిగి, మళ్లీ బిగించారు. అత్తగారు దానికీ గీత గీశారు.

రెండోవాడు కాఫీ హోటలు పెట్టినవాడు. మెడలో స్కార్ఫు, చేతిలో రెండు ఫోన్లు. ఆ రోజూ పెయింటరన్నయ్య పొద్దున్నే వచ్చి తుడిచాడు. ఆ రోజూ లైట్లు వెలిగాయి, హారన్ మోగింది. ఆ రోజూ టక్.

కాఫీ హోటలాయన ఏమాత్రం బాధపడలేదు. "పర్లేదు సార్, ఇంజను ఎలాగూ తీసేస్తాం. హోటలు ముందు నిలబెట్టి, ముందు భాగంలో పూలకుండీలు, వెనకాల రెండు బెంచీలు. జనం ఫోటోలు తీసుకుంటారు. బండి సూపరుంది!"

మా ఆయన తాళంచెవి తీసి జేబులో వేసుకున్నారు. "ఇది అమ్మడం లేదండీ," అన్నారు.

"పేపర్లో చూసే వచ్చాను కదండీ!"

"అమ్మేది బండి. కుండీ కాదు."

ఆ మధ్యాహ్నం ఆయన కొళాయి కింద చేతులు పెట్టి చాలాసేపు కడుక్కున్నారు. గ్రీజు ఎప్పుడో పోయింది, ఇంకా కడుగుతూనే ఉన్నారు. నేను కొళాయి కట్టేశాను.

"చెయ్యి మంచిది కాదేమో," అన్నారు. "నేను చేసిన పని నలుగురి ముందూ నిలబడటం లేదు. నా అంతట నేను నడుపుకుంటే నడుస్తుంది. అలాంటి బండి ఎవడికి అమ్మగలను? రేపు ఇంకొకళ్ల బండి నన్ను నమ్మి ఎలా ఇస్తారు?"

"ఇంకా ఒకావిడ చూస్తానంది కదా, మొక్కల నర్సరీ ఆవిడ."

"చూడనీ. ఈ ఆదివారంతో సరి. సోమవారం గోడౌన్‌కి వెళ్లిపోతాను. ఉద్యోగం మంచిదే."

నాకు ఒళ్లు మండింది. ఆయన చేతుల మీద నాకు అనుమానం లేదు. కాబట్టి అనుమానించడానికి ఇంకెవరో ఒకరు కావాలి. నేను కెమిస్ట్రీ చదివినదాన్ని. ఆ చదువు ఇన్నాళ్లూ బట్టల మీద మరకలు వదిలించడానికే పనికొచ్చింది. ఇప్పుడు పద్ధతిగా ఆలోచించాను. మామూలు రోజుల్లో నడిచే బండి, కొనేవాళ్లు వచ్చిన రోజే ఎందుకు ఆగుతోంది? ఎవరో ఆపుతున్నారు గనక. ఎవరు?

ముందు మా అత్తగారినే అనుమానించాను. కోడల్ని కదా, అలవాటు. కొడుకు నీడపట్టున కుర్చీలో కూర్చునే ఉద్యోగం చెయ్యాలని ఆవిడకు ఎప్పట్నుంచో ఉంది. గోడౌన్ కుర్చీ తెచ్చిందే ఆవిడ. కానీ ఊరగాయ సీసా మూత తియ్యడానికే నన్ను పిలిచే మనిషి నట్టేం విప్పుతుంది? తర్వాత మా ఆయన్నే అనుమానించాను, బండిని వదల్లేక తానే ఏదో చేస్తున్నారేమోనని. కానీ కొళాయి దగ్గర ఆయన మొహం చూశాక ఆ అనుమానాన్ని నేనే మూసి పక్కన పెట్టాను.

మిగిలింది పెయింటరన్నయ్య.

ఒకసారి అటు చూడ్డం మొదలుపెట్టాక అన్నీ కనిపించసాగాయి. బండి ఆగిన రెండుసార్లూ అంతకుముందు బానెట్‌లో తల పెట్టింది ఆయనే. అడక్కుండానే పొద్దున్నే వచ్చాడు. అడిగినా రాని మనిషి! పైగా కాఫీ హోటలాయన వెళ్లాక మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఎవరూ కొనకపోతే నేనే తీసుకుంటాలేరా" అన్నాడు. ఎంత ఆప్యాయంగా అన్నాడంటే, నా అనుమానం అక్కడే గట్టిపడింది. బండి ఎలాంటిదో అందరికంటే ఆయనకు తెలుసు. నలుగురు వద్దనేలా చేసి నామమాత్రానికి కొట్టేద్దామని కాకపోతే ఏమిటి?

ఆ సాయంత్రం ఎవరూ లేనప్పుడు షెడ్డులోకి వెళ్లి బానెట్ ఎత్తాను. ఏదో ఒక నట్టు మీద గీత విరిగి కనిపిస్తుందని నా నమ్మకం. ఒక్కొక్కటే చూశాను. ఎర్రగీతలన్నీ తిన్నగా, ఎక్కడా తెగకుండా, స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. మామూలు మనిషికైతే అనుమానం పోయేది. నాకు రెట్టింపయింది. గీత చెదరకుండా బండి చెడగొట్టాడంటే ఎంత పనివాడై ఉండాలి!

శనివారం మా ఆయనకు చెప్పేశాను.

"నీకేమన్నా మతిపోయిందా?" అన్నారాయన. "నాలుగేళ్లు నాతోపాటు ఆ రంగు పొగ పీల్చాడు బావ. ఒక్కరోజు కూలి అడగలేదు."

"అదే మరి. ఎందుకడగలేదు?"

"అడిగితే దురాశ, అడక్కపోతే దురాలోచన. ఇంక మనిషి ఎలా బతకాలే?"

"నేను ఆయన్ని ఏమీ అనమనడం లేదు. రేపొక్కరోజు బానెట్ ముట్టుకోవద్దనండి, చాలు. తప్పు లేకపోతే పోయేదేముంది?"

ఆయన అన్నం సగంలో వదిలేశారు. అనుమానం చాలా చిన్న సైజులో ఉన్నా మనిషి పొట్టలో చోటంతా ఆక్రమించేస్తుంది.

ఆదివారం పొద్దున్న పెయింటరన్నయ్య రానే వచ్చాడు. భుజం మీద తుడిచే గుడ్డ, మొహాన మామూలు నవ్వు. బానెట్ మీద చెయ్యి వేశాడో లేదో మా ఆయన అడ్డం వెళ్లారు.

"బావా, ఇవాళ వద్దులే."

"ఏం వద్దు?"

"తుడవడం. బానెట్ తియ్యొద్దు."

"దుమ్ము పట్టింది కదరా. నర్సరీ ఆవిడ మొక్కల్నే కడిగి అమ్ముతుందట. ఇంజను ఇలా ఉంటే ఏమనుకుంటుంది?"

"అనుకోనీ."

అన్నయ్య ఆయన్ని చూశాడు. తర్వాత వంటింటి కిటికీలో ఉన్న నన్ను చూశాడు. నేను వెంటనే చాలా శ్రద్ధగా ఒక ఉల్లిపాయ పొట్టు తియ్యడం మొదలుపెట్టాను.

"సరే," అన్నాడు. గుడ్డ మడిచి, అక్కడున్న ఖాళీ రంగు డబ్బా బోర్లించి, గేటు పక్కన దానిమీద కూర్చున్నాడు. వెళ్లిపోయినా బాగుండేది. వెళ్లలేదు. చేతులు కట్టుకుని రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు.

కాసేపటికి మా ఆయన ఆయిలు చూడ్డానికి బానెట్ ఎత్తితే, అత్తగారు స్టూలు మీద నుంచి లోపలికి తొంగి చూసి, "ఇదేమిటి, ఇంత దుమ్ము! అల్లుడుగారేం చేస్తున్నారు?" అన్నారు.

"ఆయనకి ఇవాళ సెలవత్తయ్యా," అన్నాను.

"అయితే నువ్వు తుడువమ్మాయ్. పరాయివాళ్లొస్తున్నారు."

తుడిచాను. చేసే పనేదో బాగా చెయ్యడం నా బలహీనత. స్టవ్వు మీద జిడ్డు తోమినంత పట్టుదలగా తోమాను. బ్యాటరీ దగ్గర్నుంచి కిందికి దిగి బండి ఇనుప చట్రానికి, అంటే ఛాసిస్‌కి, కలిసే లావుపాటి వైరు ఒకటుంది, దాని మీద దుమ్ము ముద్దకట్టి ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, తడిబట్ట పిండినట్టు మెలితిప్పి మరీ తుడిచాను.

నర్సరీ ఆవిడ చెప్పిన వేళకు వచ్చింది. పొట్టి మనిషి, జేబులున్న పెద్ద ఏప్రను, గోళ్లలో మట్టి. మాటకు ముందు వినడం అలవాటున్న మనిషిలా ఉంది. బండి చుట్టూ తిరిగి, వెనక తొట్టిలోకి ఎక్కి, రెండు కాళ్లతో ఎగిరి చూసింది. "పలకలు గట్టివే," అంది. "నాకిది రోజూ కావాలి అన్నా. పొద్దున్నే మొక్కలు ఎక్కించాలి, ఎండ రాకముందే దుకాణాలకు దింపాలి. మధ్యలో ఆగిందనుకోండి, బండి బాగానే ఉంటుంది, మొక్కలు చస్తాయి. స్టార్ట్ చెయ్యండి చూద్దాం."

లైట్లు వెలిగాయి. హారన్ మోగింది.

టక్.

నేను చటుక్కున గేటు వైపు చూశాను. మా ఆయన కూడా అటే చూశారు. పెయింటరన్నయ్య డబ్బా మీద కూర్చున్న చోటునుంచే రెండు చేతులూ పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూపించాడు. గుడ్డ మడత కూడా విప్పలేదు.

"నేను ఇక్కడే ఉన్నాను తల్లీ," అన్నాడు. "సాక్ష్యం కావాలంటే వీధిలో ఎవర్నయినా అడుగు."

అప్పుడు మా అత్తగారు, క్లాసులో కాపీ కొట్టినవాణ్ణి లేపే గొంతుతో, "ఇవాళ తుడిచిందెవరు?" అన్నారు.

అందరూ నాకేసి చూశారు. నర్సరీ ఆవిడ కూడా. నేను అన్నాళ్లుగా పేర్చిన కేసు ఎక్కడా ఒక్క ముక్క జారకుండా, ముద్దాయి పేరు ఒక్కటి మాత్రం మారి నా ఎదురుగా నిలబడింది. బండి ఆగే ముందు బానెట్‌లో తల పెట్టిన మనిషిని నేను. అడక్కుండా వచ్చిన మనిషిని నేను కాకపోవచ్చు గానీ, పొద్దుట్నుంచీ కిటికీలోంచి చూస్తున్న మనిషిని నేనే.

"నేను తుడిచానంతే," అన్నాను. అన్నాక నాకే వినిపించింది. తుడవడమంతే. అన్నయ్య కూడా ప్రతిసారీ చేసింది తుడవడమంతే.

ఎవరి వైపూ చూడకుండా బండి దగ్గరికి వెళ్లాను. ఇందాక ఎక్కడెక్కడ తుడిచానో అక్కడల్లా చెయ్యి వేసుకుంటూ వచ్చాను. ఆ లావుపాటి వైరు దగ్గర ఆగాను. పట్టుకుని మెల్లిగా తిప్పితే, నట్టు కింద దాని చివర గడియారం ముల్లులా అటూఇటూ తిరిగింది.

"ఏవండీ, ఇది చూడండి."

మా ఆయన వంగారు. వైరు కదిపి చూశారు. దాని మీది నట్టును వేళ్లతో పట్టుకుంటే తిరగబోయింది. నట్టు మీంచి ఛాసిస్ మీదికి ఎర్రగీత మాత్రం ఎక్కడా తెగకుండా తిన్నగా ఉంది.

"ఎర్త్ వైరు," అన్నారాయన. "ఇది వదులై, తుడిచినప్పుడు కాస్త పక్కకు జరిగితే చాలు, లైట్లు వెలుగుతాయి గానీ సెల్ఫ్ తీసుకోదు. నేను అన్నీ విప్పి చూశాను. దీన్ని మాత్రం చూళ్లేదు. గీత ఉంది కదా అని." ఆగి, తల పైకెత్తారు. "కానీ దీన్ని నేను బిగించలేదు. పొట్టి వైరు వేశాను, పొడుగుది తెచ్చి మారుద్దామని వేలితో తిప్పి వదిలేశాను. బజార్లో పొడుగుది దొరక్క తిరిగొచ్చేసరికి గీత ఉంది. బిగించే వెళ్లాననుకున్నాను."

ఎర్రగీతలు గీసే చెయ్యి మా ఇంట్లో ఒక్కటే ఉంది.

మా అత్తగారు స్టూలు మీద నుంచి లేచారు. లేవడానికి నా చెయ్యి అడగలేదు. బండి దగ్గరికి వచ్చి, కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, ఆ గీతను చాలాసేపు చూశారు.

"నాదే," అన్నారు. "ఆ రోజు నువ్వు బజారుకెళ్లావు. ఊరికే కూర్చోలేక, ముందుగా పని తెములుతుందని ఆ వరసలో నువ్వు బిగించినవాటితోపాటు దీనికీ గీసేశాను. నువ్వొచ్చి బిగిస్తావనుకున్నాను. నువ్వేమో గీత చూసి వదిలేశావు." కుంచె పట్టే చెయ్యి కొంగులో తుడుచుకున్నారు. "ముప్ఫై ఏళ్లలో ఎన్నడూ చెయ్యలేదురా. రాయని పేపరుకు మార్కులు వేశాను."

ఆయన పానా తెచ్చి నట్టు బిగించారు. గీత రెండు ముక్కలైంది. తాళం తిప్పగానే పెద్దమనిషి ఒక్క గుటకలో లేచి గుర్రుమన్నాడు. అయిపోయిందనుకున్నాను.

నర్సరీ ఆవిడ అనుకోలేదు. ఇంజను ఆపమని చేత్తో సైగ చేసింది.

"అంతా బానే ఉంది," అంది. "ఇలాంటి గీతలు ఇంకెన్ని ఉన్నాయి?"

నా దగ్గర్నుంచి అనుమానం ఆవిడకు ఎప్పుడు అంటుకుందో తెలీలేదు. కానీ న్యాయమైన అనుమానం. మా ఆయన మొహంలోకి మళ్లీ కొళాయి దగ్గరి చూపు రాబోయింది.

"ఎన్నున్నాయో ఇప్పుడే తేలుద్దాం," అన్నారు అత్తగారు. "అమ్మాయ్, నా స్టూలు ఇలా తే. ఒరేయ్, పానాల పెట్టె తియ్యి. మొదటి నట్టు నుంచీ మళ్లీ దిద్దుతాను. నువ్వు బిగించి చూపించందే ఒక్క గీత గియ్యను. ఆవిడ దగ్గరుండి చూస్తుంది."

కిందివైపు నట్లకు ఇంకో మనిషి కావాలి. కింద పడుకుని పని చెయ్యగలిగేది ఒక్కరే. నేను గేటు దాకా వెళ్లాను.

"అన్నయ్యగారూ, చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా. కొంచెం ఆ పానా అందుకుంటారా?"

ఆయన కదల్లేదు. "ముట్టుకోవచ్చంటావా చెల్లెమ్మా? నా వేలిముద్రలు పడతాయేమో."

"పడనివ్వండి. నావి ఇంతకంటే ఎక్కువ పడ్డాయి."

"నేను బండి కొట్టేద్దామనుకున్నానా?"

"మీరే అన్నారు కదా, ఎవరూ కొనకపోతే నేనే తీసుకుంటానని."

"అయ్యో రాత! వాడు ఏడుపు మొహం పెట్టాడని అన్నాను. నేను తీసుకుపోయి ఎక్కడ పెట్టుకుంటాను? మీ వదిన నన్ను ఇంట్లో పెట్టుకోవడానికే రోజుకో వంక చెబుతోంది, ఇంత ట్రక్కు పెట్టుకోనిస్తుందా?"

నేను నవ్వకూడదనుకున్నాను. నవ్వేశాను. ఆయన నవ్వలేదు. కానీ డబ్బా మీంచి లేచి, గుడ్డ నా చేతికిచ్చి, "ఇది నువ్వే ఉంచుకో, నీ చెయ్యి గట్టిది" అని చొక్కా చేతులు మడుచుకుంటూ బండి కిందికి దూరాడు. ఆ కోపం పూర్తిగా పోవడానికి చాలా రోజులే పడుతుందని నాకు తెలుసు. పోవాలని తొందర పెట్టడానికి నాకు మొహం లేదు.

ఆ పని మధ్యాహ్నం దాకా సాగింది. మా ఆయన పైన, అన్నయ్య కింద. "బిగుసుంది", "బిగుసుంది" అని రెండు వైపుల నుంచీ కేకలు. అత్తగారు పాత గీత గీకేసి, పానా పడ్డాకే కొత్తది గీశారు. ఒకచోట మా ఆయన అలవాటుగా "అది బానే ఉంటుందిలే అమ్మా" అంటే, "ఉంటుందిలే అని నేను అనుకునే ఇంత దూరం వచ్చింది" అని పానా వేయించారు. వదులుగా ఉన్న నట్టు ఒక్కటీ దొరకలేదు. నర్సరీ ఆవిడ మొదట నిలబడి చూసింది. తర్వాత బోర్లించిన డబ్బా మీద కూర్చుని చూసింది. నేను ఇచ్చిన టీ తాగుతూ కూడా కప్పు మీంచి చూస్తూనే ఉంది. చివరికి కప్పు కింద పెట్టి, "ఆ పానా నాకివ్వండి" అంది.

ఏప్రనుతో సహా బండి కిందికి దూరింది. లోపల్నుంచి చాలాసేపు మూలుగులు తప్ప మాటల్లేవు. ఆవిడకు ఏ నట్టు అనుమానంగా కనిపిస్తే దాన్ని పట్టి తిప్పుతోందని పానా చప్పుడును బట్టి తెలుస్తోంది. మా ఆయన పక్కనే గొంతుకూర్చుని ఆ చప్పుడు వింటున్నారు. ముందు ఊపిరి బిగబట్టి విన్నారు. కాసేపటికి మామూలుగా విన్నారు. ఆ తర్వాత, నేను చూస్తుండగానే, ఆయన మొహంలోకి ఇంచుమించు సరదాలాంటిదేదో వచ్చింది.

ఆవిడ ముక్కు మీద గ్రీజుతో బయటికొచ్చింది. "ఒక్కటీ దొరకలేదు," అంది, కాస్త నిరాశగా.

"ఇంకోసారి చూడండి," అన్నారు మా ఆయన.

ఆ గొంతు నేను కొన్ని వారాలుగా వినలేదు. బతిమాలే గొంతు కాదది. సవాలు కూడా కాదు. అడిగితే రేపూ ఎల్లుండీ కూడా అక్కడే గొంతుకూర్చుని ఓపిగ్గా చూపించే మనిషి గొంతు.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. పానా తుడిచి తిరిగిచ్చింది.

"అక్కర్లేదన్నా. ఇంత చూపించినవాళ్లు ఎవరూ లేరు. బేరం ఫోన్లో అనుకున్నదే. రేపు పొద్దున్నే తెచ్చివ్వగలరా? నాకు మొక్కలు ఎక్కించేదుంది."

"తెచ్చిస్తాను."

"రేపు సోమవారం కదరా," అన్నారు అత్తగారు. "గోడౌన్‌కి వస్తావని వాడికి నేను మాటిచ్చాను."

మా ఆయన పానాలు పెట్టెలో సైజుల వారీగా సర్దుకుంటున్నారు. తల ఎత్తలేదు. "నాకు పనుందమ్మా," అన్నారు.

అత్తగారు కొంచెంసేపు కొడుకును చూశారు. ఆ కుర్చీ కోసం ఆవిడ ఎంతమందికి చెప్పుకున్నారో, ఎన్నిసార్లు ఫోన్లు చేశారో నాకు తెలుసు. ఏమంటారోనని ఉల్లిపాయ కూడా చేతిలో లేకుండానే నిలబడిపోయాను. ఆవిడ కుంచెను నూనెలో కడిగి, గుడ్డతో ఒత్తి, పక్కన పెట్టారు.

"ఫోనివ్వమ్మాయ్," అన్నారు.

నంబరు కలిపి ఇచ్చాను. అవతల గోడౌన్ యజమాని "నమస్కారం టీచర్" అనడం మా అందరికీ వినిపించింది. ఇంత వయసొచ్చినా ఆ గొంతులో బెంచీ మీంచి లేచి నిలబడిన చప్పుడుంది.

"ఆఁ, నేనేరా. మావాడు రేపు రావడం లేదు. కాదు, ఎల్లుండి కూడా రాడు. ఆ కుర్చీలో ఇంకెవర్నయినా కూర్చోబెట్టుకో." అవతల ఏదో అడిగినట్టున్నాడు. అత్తగారు ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నారు. "కారణమా? ఏం కారణం కావాలిరా నీకు? వాడికి పనుంది."